అంగట్లో అనుచరులు



చాలా నెలల తరువాత ఈ పుట దుమ్ము దులుపుతున్నాను. కోపంలో ఉన్నప్పుడు ఉత్తరం వ్రాయకూడదని ముప్ఫయ్యేళ్లకు పైగా పిల్లలకు చెప్పినవాణ్ణి. ఈ టపా మాత్రం కోపంతోనే వ్రాస్తున్నాను. సంగతి విన్నాక ఆ కోపం సబబో కాదో మీరే తేల్చండి.

గత ఆగస్టులో తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఒక సంస్థవారు అంతర్జాలంలో పద్యపఠన పోటీ పెట్టారు. పిల్లలు పద్యం చదివి వీడియో పంపాలి. సంస్థవారు దానిని తమ పుటలో ఉంచుతారు. నూరు మార్కులలో యాభై న్యాయనిర్ణేతలవి, తక్కిన యాభై లైకులవి. ముగ్గురు న్యాయనిర్ణేతలలో నేనొకణ్ణి. "లైకులకు మార్కులేమిటండీ?" అని అడిగాను. "ప్రజాభిప్రాయం మాస్టారూ! ఈ రోజుల్లో అది లేకపోతే పిల్లలు ముందుకు రారు" అన్నారు నిర్వాహకులు. ఊరుకున్నాను. అది నా మొదటి తప్పు.

మా చోడవరానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లె నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయి గజేంద్రమోక్షంలోని పద్యం పంపింది. తండ్రి చెరకు నరికే కూలీ. ఇంటి అరుగు మీద నిలబడి చదివింది. వెనక మేక అరుస్తూనే ఉంది. అయినా ఆ పిల్ల గొంతు తొణకలేదు. శకారం, షకారం, సకారం మూడూ మూడుగానే పలికాయి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తీసుకుంటే అర్థం విరుగుతుందో ఆమెకు తెలుసు. నేను 50కి 48 వేశాను. నా ఉద్యోగకాలంలో అన్ని మార్కులు ఎవరికీ వేసిన గుర్తు లేదు. నాలుగు రోజులలో ఆమెకు వచ్చిన లైకులు రెండు వందల పైచిలుకు. వాటిలో చాలావరకు వాళ్ల ఊరివారివి, బడి మేష్టర్లవి.

మరొక అబ్బాయి వీడియోకు మూడు రోజుల వరకు వంద లైకులు కూడా లేవు. నాలుగో రోజు తెల్లవారేసరికి పదకొండు వేలు ఉన్నాయి. రిటైరైన మనిషిని, తీరుబాటుకు కొదవ లేదు కనుక ఆ పేర్లన్నీ చూస్తూ కూర్చున్నాను. గంటసేపు చూసినా ఒక్క తెలుగు పేరు తగలలేదు. చాలా ఖాతాలకు ముఖచిత్రం లేదు. ఒక్కొక్క ఖాతా వేలమందిని అనుసరిస్తున్నది, దానిని అనుసరించేవారు మాత్రం ముగ్గురో నలుగురో. పద్యం కింద ఒక ఖాతా పెట్టిన వ్యాఖ్య "నైస్ పిక్" అని. అది పద్యమో ఫొటోయో కూడా తెలియని రసికుడన్నమాట. ఆ అబ్బాయిని నేనేమీ అనను. వాడికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. డబ్బు చెల్లించింది పెద్దవాళ్లు.

నిర్వాహకులకు చెప్పాను. "లెక్క లెక్కే కదా మాస్టారూ! ఏది అసలో, ఏది నకిలీయో తేల్చడం మన పనా?" అన్నారు. ఫలితాల కాగితం ముందు పెట్టారు. గొడవ ఎందుకులే అని సంతకం చేశాను. అది నా రెండో తప్పు, మొదటిదానికంటె పెద్దది.

బహుమతుల సభకు ఆ అమ్మాయి కూడా వచ్చింది. సభ అయిపోయాక నా దగ్గరకు వచ్చి నిలబడి, మెల్లగా అడిగింది. "మాస్టారండీ, నేనెక్కడ తప్పు చదివేనండీ?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. "బాగా చదివేవమ్మా" అని ఏదో గొణిగి తప్పుకున్నాను. ఆనాటి నుంచి ఈ వ్యాపారం ఏమిటో, ఎలా నడుస్తుందో తెలుసుకునే ప్రయత్నం చేశాను. తెలిసినంత మీ ముందు పెడుతున్నాను.

ఇందులో మూడు తరగతులున్నాయి. మొదటిది, వెంటపడి వదిలేసే తరగతి. ఒక సాఫ్ట్‌వేర్‌కు మన ఖాతా అప్పగిస్తే అది రోజుకు వందలమందిని మన పేరుతో అనుసరిస్తుంది. "అయ్యో, వీరెవరో నన్ను అనుసరించారు, నేనూ అనుసరించాలి కదా" అని అవతలివారు మర్యాదకు తిరిగి అనుసరిస్తారు. నాలుగు రోజులు పోయాక యంత్రం వారిని గుట్టుచప్పుడు కాకుండా వదిలేస్తుంది. వారు మాత్రం మన లెక్కలో మిగిలిపోతారు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చే మన మర్యాదనే వీరు పెట్టుబడిగా వాడుకుంటున్నారు. ఈ పద్ధతి ఎంత ముదిరిందంటే, ఒక ఖాతా రోజుకు వెయ్యిమందిని అనుసరించవచ్చునన్న పరిమితిని ట్విట్టర్ 2019 ఏప్రిల్‌లో 400కు తగ్గించవలసి వచ్చింది.

రెండో తరగతి, అసలు మనుషులే లేని ఖాతాలను మూటగట్టి అమ్మడం. ఒక సినిమా టిక్కెట్టు ధరకు ఇన్ని వందలమంది అని నా చరవాణికే ఎన్నోసార్లు సందేశాలు వచ్చాయి.

మూడోది అన్నిటికంటె కుటిలం. "మీకు ఉచితంగా అనుచరులను తెచ్చిపెడతాం, మీ సంకేతపదం ఇవ్వండి" అంటారు. ఇచ్చినవాడి ఖాతాతోనే వాడికి తెలియకుండా ఇతరులకు లైకులు కొట్టిస్తారు, ఊరూపేరూ తెలియనివారిని అనుసరింపజేస్తారు. వేటగాడి వలలో పడిన పావురమే మరుసటి వేటకు ఎర అవుతుంది. ఇటువంటి పరికరాల ద్వారా వచ్చిన లైకులను, అనుసరణలను తొలగిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2018 నవంబరులో ప్రకటించింది.

ఇది మా పల్లె పోటీకి పరిమితమైన చిల్లర మోసం కాదు. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికాలోని దెవూమీ అనే సంస్థ బండారం బయటపెట్టింది. ఆ సంస్థ దగ్గర ఉన్న యాంత్రిక ఖాతాలు సుమారు 35 లక్షలు. వాటినే మళ్లీ మళ్లీ అమ్ముతూ వినియోగదారులకు 20 కోట్లకు పైగా ట్విట్టర్ అనుచరులను అంటగట్టిందని ఆ పత్రిక వ్రాసింది. ఆ ఖాతాలలో కనీసం 55 వేలు నిజమైన మనుషుల పేర్లు, ఫొటోలు, ఊర్లు దొంగిలించి చేసినవి. చదువుకునే పిల్లల ముఖాలు కూడా అందులో ఉన్నాయి. తమ ముఖం ఎక్కడెక్కడ ఎవరికి జేజేలు కొడుతున్నదో ఆ పిల్లలకు తెలియదు. 2019 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యాపారంపై 25 లక్షల డాలర్ల తీర్పుతో రాజీ కుదుర్చుకుంది. మన దేశంలో 2020 జూలైలో, ఒక గాయని తన పేరుతో నకిలీ ఖాతా ఉందని ఫిర్యాదు చేస్తే, ముంబయి పోలీసులు తీగ లాగారు. అనుచరులను, లైకులను అమ్మే అంగడి డొంకంతా కదిలింది.

"ఎవరో అనుచరులను కొనుక్కుంటే నీకు వచ్చిన నష్టమేమిటి?" అని అడిగేవారున్నారు. నా పాత శిష్యుడొకడు ఇటువంటి ప్రచార వ్యాపారంలోనే ఉన్నాడు. వాడితో ఈ మాట తెస్తే నవ్వేశాడు. "మాస్టారూ, మీ కాలంలో కూడా నాటకాల్లో కిరాయి ఈలలు లేవా? రాజులకు వందిమాగధులు లేరా? జనం ఉన్నట్టు కనబడితేనే జనం వస్తారండి. అందరూ చేస్తున్నదే."

వాడి వాదానికి అప్పుడు సరిగా చెప్పలేకపోయిన సమాధానం ఇప్పుడు చెబుతాను. నాయనా! కిరాయికి ఈల వేసినవాడు కూడా నాటకం జరిగే చోటికి నడిచి వచ్చాడు. చలిలో కూర్చున్నాడు. పద్యం వాడి చెవిన పడింది. బాగా లేకపోతే వాడి ముఖంలోనైనా తెలిసేది. వందిమాగధుడు పొట్టకూటికే పొగిడినా యతిప్రాసలు కుదుర్చుకోవలసి వచ్చేది. పైగా వాడు వందిమాగధుడని సభలో అందరికీ తెలుసు. తెలిసిన పొగడ్త వలన మోసం లేదు. నీ సరుకులో వినడం లేదు, చూడడం లేదు, మనిషే లేడు. ఉన్నది మనిషి ఉన్నాడన్న అబద్ధం ఒక్కటే.

అనుచరుడు అన్న మాట చూడండి. చర ధాతువుకు నడవడం అని అర్థం. అను అంటే వెంట. వెంట నడిచేవాడు అనుచరుడు. ఎక్కడో గదిలో వరుసగా పేర్చిన చరవాణులలో పుట్టి, పైకం ముట్టగానే మీట నొక్కే ఖాతా ఎవరి వెంట నడుస్తుంది? ఇంకొక ముచ్చట. తెలుగులో లెక్కపెట్టడం వేరు, లెక్కచేయడం వేరు. మొదటిది అంకెల పని. రెండోది మనసు చేసే పని. లక్షమందిని లెక్కపెట్టి చూపుకున్నవాణ్ణి ఆ లక్షలో ఒక్కడూ లెక్కచేయకపోతే, వాడు సంపాదించినదేమిటి?

మా అనకాపల్లి బెల్లం సంగతి మీలో చాలామందికి తెలుసు. మార్కెట్టులో దిమ్మ రంగు చూసి ధర కడతారు. పాకం కాగేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, వేస్తే నలుపు విరిగి బంగారు వన్నె వస్తుంది. రుచి అడిగేవాడు లేడు, రంగు అడిగేవాడే అందరూ. ఏమీ కలపకుండా వండిన రైతు దిమ్మ ముదురు రంగులో ఉంటుంది, దానికి తక్కువ ధర. ఒకటి రెండు పంటలు నష్టపోయాక ఆ రైతు కూడా డబ్బా కొంటాడు. వాణ్ణి చెడగొట్టింది ఎవరు? కలిపి అమ్మిన మొదటివాడు, రంగుకు ధర కట్టిన మార్కెట్టు, రంగు చూసి కొన్న మనం. అంకె చూసి కవిని, గాయకుణ్ణి, వైద్యుణ్ణి, చివరకు ఎనిమిదో తరగతి పిల్లను అంచనా కట్టే ఈ బజారులో జరుగుతున్నది సరిగ్గా ఇదే. "అందరూ చేస్తున్నదే" అన్న నా శిష్యుడి మాట నేరానికి సమర్థన కాదు. ఆ నేరం చేసిన నష్టానికి అదే కొలత.

మన సినిమావారికి కూడా ఈ చేదు తెలిసినట్టుంది. 2025లో "తమ్ముడు" చిత్రం ప్రచార సమయంలో నిర్మాత దిల్ రాజు, ట్రైలరుకు డబ్బిచ్చి వీక్షణలు కొనవద్దని తన బృందానికి చెప్పానని బహిరంగంగానే అన్నారు. నిజంగా ఎంతమంది చూస్తున్నారో తెలియాలంటే అదే దారి మరి. దొంగ అంకెతో మొదట మోసపోయేది దాన్ని కొన్నవాడే.

ఇక ఇది కేవలం డాంబికుల సరదా అనుకునేవారికి మన విశాఖలో జరిగిన సంగతి గుర్తు చేస్తాను. 2024 మే నెలలో విశాఖపట్నం నగర పోలీసులు ఒక మానవ అక్రమ రవాణా ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, డబ్బు కట్టించుకుని, మన ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ వారిని నిర్బంధించి, దొంగ ఖాతాలు తెరిపించి, మన దేశస్థులనే మోసం చేయించారు. ఆ మోసాలలో ఒకటి టాస్కుల మోసం. "ఈ వీడియోకు లైకు కొట్టండి, ఈ ఖాతాను అనుసరించండి, ఒక్కొక్కదానికి ఇంత ఇస్తాం" అని మొదట చిల్లర వేస్తారు. నమ్మకం కుదిరాక "ముందు కొంత కట్టండి, ఎక్కువ వస్తుంది" అని ఉన్నదంతా ఊడ్చుకుపోతారు. లైకులు, అనుచరులు అంగడి సరుకని జనం ముందే నమ్మకపోతే ఈ ఎరకు చేప పడేది కాదు. దొంగ ఖాతాకు వేలమంది అనుచరులు కనబడకపోతే దాని మాట ఎవరూ నమ్మేవారు కాదు. డాంబికుడికి కిరీటం అమ్మే అంగడిలోనే దొంగకు ముసుగు కూడా దొరుకుతుంది.

యంత్రం మీద నాకు కోపం లేదు. లేఖిని లేకపోతే నాబోటివాడు తెర మీద తెలుగు వ్రాసేవాడే కాడు. తెలుగు వికీపీడియాలో ఎన్నో సవరణలు బాట్లే చేస్తాయి. అయితే అక్కడ బాటుకు వేరే ఖాతా ఉంటుంది, అది బాటు అని బహిరంగంగా గుర్తు ఉంటుంది, సముదాయం అనుమతి ఉంటుంది. యంత్రం యంత్రంగా పనిచేస్తే సేవ. మనిషి వేషం వేసుకుని ఓటు వేస్తే కూటసాక్ష్యం. నా అభియోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. లైకు అంటే "నేను చూశాను, నాకు నచ్చింది" అని ఒక మనిషి చెప్పే సాక్ష్యం. దానిని కొనడం సాక్షిని కొనడమే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో కంటకశోధనమని ఒక అధికరణం వ్రాశాడు. దొంగతూకాల వర్తకుడు, కల్తీ సరుకు అమ్మేవాడు, కూటసాక్షి, అందరూ ఆ అధికరణంలోనే విచారణకు వస్తారు. ఈ అనుచరుల వ్యాపారిలో ఆ ముగ్గురూ ఒక్కడై కూర్చున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. పరుల గుర్తింపును దొంగిలిస్తే సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కంప్యూటరు ద్వారా మారువేషంతో మోసగిస్తే 66డీ. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నిబంధన, వ్యాపార లాభం కోసం నకిలీ అనుచరులను తెలిసి అమ్మడాన్నే కాక కొనడాన్ని కూడా నిషేధించింది. మనకూ అంత సూటి నిబంధన రావాలి. కాని ఫిర్యాదు చేసేదెవరు? అమ్మినవాడు చేయడు. కొన్నవాడు చేయడు. మోసపోయిన చూపరికి తాను మోసపోయినట్టే తెలియదు. కనుక మొదటి బాధ్యత ఆ మాధ్యమాల యజమానులది. చేయదలచుకుంటే వారు చేయగలరు. అనుమానాస్పదంగా ప్రవర్తించినందుకు తాళం వేసిన ఖాతాలను 2018 జూలైలో ట్విట్టర్ లెక్కలలోంచి తీసివేస్తే, ఆ సంస్థ సొంత ఖాతాకే 70 లక్షలకు పైగా అనుచరులు తగ్గిపోయారు. ఇంటి యజమాని ఖాతాయే అలా ఉంటే తక్కినవి చెప్పాలా? అంకె పెద్దదిగా కనబడడం అందరికీ లాభమైనప్పుడు చీపురు పట్టుకునేదెవరు?

రెండో బాధ్యత మనది. కూడలిలో ఒకరి టపా ఒకరం వెతుక్కుని చదువుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక వ్యాఖ్య వస్తే పండుగ. ఆ వ్యాఖ్యలో మన అక్షరదోషం పట్టి చూపితే కాస్త గుచ్చుకున్నా, ఎవరో చివరిదాకా చదివారన్న తృప్తి ఉండేది. ఆ తృప్తిని ఏ అంగడీ అమ్మలేదు. కనుక మిత్రులకు నా వినతి. మీ చేతిలో ఏ పోటీ ఉన్నా లైకులకు మార్కులు వేయకండి. ఎవరు ఎంత ఉచితమన్నా మీ సంకేతపదం ఇవ్వకండి. ఊరూపేరూ లేని ఖాతా మీ వెంటపడితే మర్యాదకు పోయి తిరిగి వెంటపడకండి. లైకు కొడితే డబ్బిస్తామని మీ ఇంటి పిల్లలకు సందేశం వస్తే చదువుతూ కూర్చోనివ్వకండి, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయించండి. అంకె చూసి ఎవరినైనా గొప్పవారనుకునే ముందు వారు వ్రాసినది ఒక్క పుట చదవండి.

నా వంతుగా నేను చేసినది చెబుతాను. ఆ సంస్థవారికి ఉత్తరం వ్రాశాను. ఆ ఫలితాల మీద నా సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నానని, లైకుల మార్కులు తీసివేసే వరకు న్యాయనిర్ణేతగా రానని తెలియజేశాను. జవాబు రాలేదు. రాబోయే వినాయక చవితికి మా ఇంటి వసారాలో పద్యాల సభ పెట్టుకుంటున్నాను. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి దర్శనం చేసుకుని వచ్చేవారు ఎవరైనా కూర్చోవచ్చు. ఎంతమంది వచ్చారో కంటితో చూసి లెక్కపెట్టుకుంటాను. నలుగురే వస్తే నలుగురే.

మొన్న ఆ అమ్మాయి చదివే బడికి వెళ్లి, సభకు రమ్మని పిలిచాను. ఆనాడు చెప్పలేని జవాబు కూడా వాళ్ల మేష్టరుగారి ఎదుటే చెప్పి వచ్చాను. "నీ పద్యంలో తప్పు లేదమ్మా. తప్పు నా సంతకంలో ఉంది."

మీ అభిప్రాయాలు వ్రాయండి. విమర్శకూ స్వాగతమే. నా కోపంలో మాట ఎక్కడైనా తూలి ఉంటే మన్నించి, చూపి దిద్దండి.

స్వస్తి.